మార్కెట్టు పోస్టరులో మన వాడ ఎక్కడ?

పోస్టరంటే మన కార్యకర్తలకు గుర్తొచ్చేది ఉడకబెట్టిన మైదా బకెట్టు, అర్ధరాత్రి, ఎటునుంచి జీపు వస్తుందోనన్న బెదురు. 1985లో కారంచేడు తర్వాత, 1991లో చుండూరు తర్వాత మన గోడలు మాట్లాడినంతగా పెద్ద పత్రికలు మాట్లాడలేదు. ఆ పోస్టర్లకు ఎవరూ మార్కులు వెయ్యలేదు. చింపేశారు, అంతే. ఇప్పుడు మేం రాస్తున్నది మార్కులు వేసే పోస్టరు గురించి. కాలేజీ పిల్లల అట్టముక్కల సంగతికి మన పత్రికలో ఇన్ని పేజీలెందుకని కొందరు మిత్రులు అడిగారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. చూసొచ్చాక అభిప్రాయం మార్చుకున్నాం.

సంగతి ఇదీ. మేనేజిమెంటు కోర్సుల్లో పరీక్ష పేపరుతో పాటు 'అకడమిక్ పోస్టరు' ఒకటి తయారుచెయ్యమనడం అలవాటైంది. ఏ1 సైజు కాగితం, అంటే 594 మిల్లీమీటర్ల వెడల్పు, 841 మిల్లీమీటర్ల పొడవు. ఒక సరుకునో సేవనో తీసుకుని మార్కెటింగు భావనలు తనకు అర్థమయ్యాయని విద్యార్థి ఆ కాగితం మీద చూపించాలి. భావనలంటే ఏమిటి? 1956లో వెండెల్ స్మిత్ రాసిన వ్యాసంతో పాఠాల్లోకొచ్చిన సెగ్మెంటేషన్, అంటే కొనేవాళ్లను గుంపులుగా విడగొట్టడం. 1960లో మెకార్తీ తన పాఠ్యపుస్తకంలో పెట్టిన నాలుగు 'పీ'లు: సరుకు, ధర, అమ్మే చోటు, ప్రచారం. 1981లో రీస్, ట్రౌట్‌ల పుస్తకంతో ఊరూరా పాకిన పొజిషనింగ్, అంటే కొనేవాడి మనసులో సరుకుకు ఒక స్థానం ఖాయం చెయ్యడం. వీటిని బొమ్మలతో, కొద్ది మాటలతో చెప్పాలి. ఇది సైన్సు సదస్సుల నుంచి వచ్చిన పద్ధతి. పరిశోధకుడు తన పోస్టరు పక్కన నిలబడతాడు, దారిన పోయేవాళ్లు ఆగి ప్రశ్నలడుగుతారు. పద్ధతిగా మాకు అభ్యంతరం లేదు. బట్టీ పట్టి అడిషనల్ షీట్లు నింపే పరీక్షకంటే నయమే. ఒకే కాగితం మీద చెప్పాలంటే ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో విద్యార్థే తేల్చుకోవాలి కదా.

హైదరాబాదు శివార్లలో ఒక కాలేజీ వాళ్లు అలాంటి ప్రదర్శన పెట్టి మమ్మల్ని అతిథులుగా పిలిచారు. మార్కులు వేసేది మేం కాదు, వాళ్ల లెక్చరర్లు, బయటినుంచి వచ్చిన ఒక కంపెనీ మనిషి. హాలు నిండా పోస్టర్లు. కాఫీ, చాక్లెట్, సెల్‌ఫోను, బూట్లు, మళ్లీ కాఫీ. దూరంనుంచి చూస్తే ఒక్కరే గీసినట్టున్నాయి. పైన కంపెనీ లోగో. దాని కింద మూడు వృత్తాలు. ఒకదాంట్లో 'వయసు 18 నుంచి 35', ఇంకోదాంట్లో 'నగరవాసులు', మూడోదాంట్లో 'ఆధునిక జీవనశైలి కోరేవారు'. ఆ పక్కన బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని నాలుగు గళ్లు. కిందికి నాలుగు 'పీ'లు. మధ్యమధ్య బాణాలు. బాణాలున్నాయి గానీ ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నాయో గీసినవాళ్లనడిగితే చెప్పలేకపోయారు. "టెంప్లేట్‌లోనే ఉంది సార్" అన్నాడొక అబ్బాయి, నిజాయితీగా.

మా మొదటి విమర్శ కులం గురించి కాదు, చదువు గురించే. ఆ పోస్టర్లలో భావనల పేర్లున్నాయి, భావనలు లేవు. ఒక గడికీ ఇంకో గడికీ సంబంధం లేదు. కాఫీ తాగేవాడు ఎవడో మారితే ధర మారాలి, అమ్మే చోటు మారాలి, చెప్పే మాట మారాలి. కానీ ఆ మూడు వృత్తాలనూ చింపేసి పక్క పోస్టరులో అతికించినా ఏమీ చెడదు. అలాంటప్పుడు అర్థమైంది ఏమిటి?

అర్థమవడమంటే ఎలా ఉంటుందో చెప్పడానికి షాంపూ సంగతి చూద్దాం. 1983లో కడలూరు మనిషి సి.కె. రంగనాథన్ చిక్ షాంపూను సాచెట్లలో దింపాడు. అంతకుముందే వాళ్ల నాన్న చిన్నికృష్ణన్ షాంపూను చిన్న పొట్లంలోకి తెచ్చివున్నాడు. నెల జీతం వచ్చే ఇంట్లో సీసా కొంటారు. ఏ రోజు కూలి ఆ రోజు చేతిలో పడే ఇంట్లో సీసా కొనడమంటే ఆ వారం కూర మానుకోవడం. తలంటుకోవాలని లేక కాదు, డబ్బు చేతికొచ్చే తీరు వేరు. కాబట్టి సరుకును కూలి డబ్బు తీరుకు తగ్గట్టు కోశారు. ఇక్కడ సరుకు, ధర, కొనే మనిషి ఒకదానికొకటి ముడిపడి వున్నాయి. ఆ ముడి చూపిస్తే అది పోస్టరు. ఆ హాల్లో ఒక బృందం సాచెట్ బొమ్మ పెట్టింది కూడా. దాని కింద రాసిన మాట: 'చిన్న సైజు, ఆకర్షణీయ ప్యాకింగ్'. కూలి ఊసే లేదు. పక్కనున్న ముప్పుల గడిలో ఒక సౌందర్య క్రీము బృందం రాసింది చూసి మాకు నవ్వొచ్చింది, నవ్వాల్సింది కాకపోయినా: 'సామాజిక విమర్శలు'. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీగా వచ్చిన క్రీము 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. నల్లటి చర్మమంటే తక్కువని నలభై అయిదేళ్లు అమ్మిన సంగతి బలాల గడిలో, దాన్ని తప్పన్నవాళ్లు ముప్పుల గడిలో.

ఇక అసలు పోస్టరు. హాలు చివర, స్విచ్‌బోర్డు పక్కన, చేత్తో గీసిన కాగితం. లోగో లేదు. పైన తెలుగులో ప్రశ్న: 'మా అమ్మ పోసే పాలు ఎవరు కొంటారు?' గీసిన అమ్మాయిది నల్లగొండ వైపు పల్లె. వాళ్లమ్మకు రెండు బర్రెలు. కాగితం నడిమధ్యన ఊరి పటం: ఊరు, ఊరి మధ్యలో పాల కేంద్రం, తూర్పున వాడ, దూరంగా మండల కేంద్రం బస్టాండు. రెండు గీతలు. ఒకటి ఇంటినుంచి పాల కేంద్రానికి, దాని మీద '340 అంగలు' అని రాసి, అడ్డంగా ఎర్రగా కొట్టేసింది. రెండోది ఇంటినుంచి బస్టాండు దగ్గరి టీ హోటలుకు, 7 కిలోమీటర్లు.

అమ్మే చోటు అన్న గడిలో ఆ అమ్మాయి రాసింది మేం మా మాటల్లో చెప్తాం. వాళ్లమ్మను కేంద్రానికి రావద్దని ఎవరూ అనలేదు. మొదటి వారం పాలు తీసుకున్నారు, అందరివీ అయ్యాక చివర్న. తర్వాత నీళ్లు కలిశాయన్నారు. తర్వాత వెన్న శాతం రాలేదన్నారు. అందరి పాలూ ఒకే క్యాన్‌లో పొయ్యాలి కదా, ఇబ్బందవుతోందని తర్వాత ఎవరో అన్నారు. దాంతో ఊళ్లో ఒక రైతు ఇంట్లో ఇస్తే, ఆయన తన పేరు మీద కేంద్రంలో పోసి లీటరుకు 6 రూపాయలు తగ్గించి ఇచ్చేవాడు. ధర గడిలో ఆ 6 రూపాయలను ఎర్రగా గుండ్రం చుట్టింది. దాని కింద ఒకే మాట రాసింది: 'పేరు అద్దె'. ఏడాది అలా గడిచాక వాళ్లమ్మ పొద్దున్నే బస్సెక్కి బస్టాండు హోటలుకు పాలు పొయ్యడం మొదలుపెట్టింది. హోటలాయన ఏ ఊరమ్మా అంటాడు, ఆమె ఊరి పేరు చెప్తుంది. ఆ ఊరి పాలు చిక్కగా ఉంటాయని ఆయన గిరాకీలకు చెప్తాడు. పొజిషనింగ్ గడిలో అందుకే రాసింది, 'మా అమ్మ బ్రాండు: ఊరి పేరు. ఇంటి పేరు కాదు' అని.

ప్రచారం అన్న నాలుగో గడి ఖాళీ. చతురస్రం గీసి వదిలేసింది. కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: 'తెలిస్తే అమ్ముడుపోవు.'

మేం అక్కడే చాలాసేపు నిలబడ్డాం. ఆ ఖాళీ గడికి మార్కులు రాలేదు. మార్కుల కాగితం ఆ అమ్మాయే చూపించింది. ప్రచారం: సున్నా. దృశ్య ఆకర్షణ: తక్కువ. ఆధారాలు: లేవు, ఎందుకంటే ఊరి పేరు, హోటలు పేరు రాయలేదు. చివర్న వ్యాఖ్య: ఇది సోషియాలజీ, మార్కెటింగు కాదు. ఊరి పేరెందుకు రాయలేదని మేమూ అడిగాం. "రాస్తే రేపటిసంది పాలు యాడ పొయ్యాలె సార్?" అంది. ఈ వ్యాసంలో గుర్తుపట్టగల వివరాలు మేమూ మార్చాం, ఆ కారణంతోనే.

సోషియాలజీ, మార్కెటింగు కాదు అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. పాఠ్యపుస్తకంలో నాలుగో 'పీ' అంటే సరుకు గురించి ఎక్కువమందికి తెలిసేటట్టు చెయ్యడం. తెలిసినకొద్దీ అమ్మకం పెరుగుతుందనేది దాని కింద దాగిన ఊహ. ఎవరి సరుకు విషయంలో ఆ ఊహ నిజం? తయారుచేసినవాడి పేరు సరుకు విలువను పెంచే చోట నిజం. వీధి చివర 'బ్రాహ్మణ కాఫీ', 'రెడ్డి గారి మెస్సు', 'అయ్యంగార్ బేకరీ' బోర్డులు చూస్తూనే ఉన్నాం. అక్కడ కులం పేరే ప్రచారం. ఇక్కడ కులం పేరు తెలియకపోవడమే అమ్మకం. ఒకే భావన రెండు వాడల్లో రెండు దిక్కులకు పనిచేస్తోందని ఒక విద్యార్థిని ఒక ఖాళీ గడితో చూపించింది. ఇంతకంటే మార్కెటింగు భావన అర్థమవడం ఏముంటుంది? ఆ హాల్లో ఒకదానికొకటి ముడిపడ్డ గడులున్నది ఆ ఒక్క పోస్టరులోనే. కొనేవాళ్లెవరో తేలడం వల్ల చోటు మారింది, చోటు మారడం వల్ల ధర మారింది, ధరను కాపాడుకోవడానికి పేరు మారింది.

ఇది ఒక ఇంటి గోడు అని తీసిపారెయ్యడానికీ లేదు. 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో అంటరానితనం మీద జరిగిన సర్వేను ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరాట్, సతీష్ దేశ్‌పాండే, అమితా బవిస్కర్ 2006లో పుస్తకంగా తెచ్చారు. 35 శాతం గ్రామాల్లో స్థానిక మార్కెట్టులో సరుకు అమ్ముకోవడానికి దళితులకు అడ్డంకులున్నాయి. పాల సహకార సంఘాలున్న గ్రామాల్లో 47 శాతం చోట్ల దళితుల పాలు పొయ్యనివ్వలేదు. ఈ అంకెలు ఆ అమ్మాయికి తెలియవు. చెప్పాల్సింది ఎవరు? ఆమెకు సున్నా వేసిన లెక్చరరు. ఆయనకూ తెలిసివుండవు, ఎందుకంటే ఆయన చదివిన మార్కెటింగు పుస్తకంలో పంపిణీ మార్గాలు అన్న అధ్యాయంలో మధ్యవర్తులు, గిడ్డంగులు, రవాణా ఉంటాయి గాని, 340 అంగల దూరం 7 కిలోమీటర్లు ఎలా అవుతుందో ఉండదు. ఆయన ఒక్కణ్ణి తప్పుపట్టి లాభం లేదు.

అలాగని ఆ పోస్టరును ఆకాశానికెత్తెయ్యడం విమర్శ కాదు. మనవాళ్ల పని కాబట్టి మెచ్చుకుని ఊరుకోవడం మనలో ఉన్న జబ్బు. అందులో లోపాలున్నాయి, ఆ అమ్మాయితోనే చెప్పాం. ఒకటి, అక్షరాలు మరీ చిన్నవి. రెండడుగులు వెనక్కి జరిగితే పటం తప్ప ఏమీ కనిపించదు. రెండోది ఇంకా పెద్దది. బర్రె తినేదేమిటి? తౌడు, చెక్క కొనాలి, గడ్డి కావాలి. భూమి లేని ఇంటికి పచ్చగడ్డి ఎవరి గట్టు మీదినుంచి వస్తుంది? ఆ గట్టు ఎవరిదో వాళ్లతో మాట తేడా వస్తే బర్రెలు పస్తు. అంటే కులం పాలు అమ్మే దగ్గరే కాదు, పాలు పుట్టే దగ్గరే నిలబడి వుంది. ఖర్చు లెక్క లేకుండా ధర గడి సగమే. మూడోది, హోటలాయన పాలెందుకు కొంటున్నాడు? ఆమె ఎవరో తెలియక మాత్రమేనా? కాదు. ప్యాకెట్ పాలకంటే ఆ బర్రెపాలు చిక్కన, అదే లీటరుకు టీలు ఎక్కువొస్తాయి. వాళ్లమ్మకు అది తెలుసు కాబట్టే కేంద్రాన్ని కాదని బస్సెక్కి హోటలును వెతుక్కుంది. పోస్టరులో తల్లి దాక్కున్న మనిషిగానే కనిపిస్తోంది, తెలివైన వ్యాపారిగా కనిపించడం లేదు. ఈ మాట అంటే ఆ అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అవును సార్, మా అమ్మకు మార్కెటింగ్ రాదనుకున్న" అంది.

సెగ్మెంటేషన్ గురించి మళ్లీ మాట్లాడాలి, అన్ని పోస్టర్లలోనూ ఆ మూడు వృత్తాలు అమాయకంగా తిరుగుతున్నాయి కాబట్టి. మన దేశంలో మార్కెట్ పరిశోధకులు జనాన్ని మెట్లుగా పేర్చడానికి 1980ల నుంచి ఒక పట్టీ వాడారు. పట్టణంలో ఇంటికి సంపాదించి పెట్టే మనిషి వృత్తి, చదువు చూసి ఏ1 నుంచి ఈ2 దాకా ఎనిమిది మెట్లు. పల్లెలో చదువు, ఇల్లు పక్కాదా పూరిదా చూసి నాలుగు మెట్లు. 2011లో దాన్ని మార్చి కొత్తది తెచ్చారు. చదువు ఒకటి, ఇంట్లో ఉన్న వస్తువుల లెక్క ఒకటి. మొత్తం పన్నెండు మెట్లు. లెక్కపెట్టే వస్తువులు పదకొండు: కరెంటు కనెక్షను, ఫ్యాను, గ్యాసు పొయ్యి, రెండు చక్రాల బండి, కలర్ టీవీ, ఫ్రిజ్, బట్టలుతికే మిషను, కంప్యూటరు, కారు, ఏసీ. పదకొండోది ఏమిటో తెలుసా? వ్యవసాయ భూమి.

ఈ పట్టీలో కులం అన్న గడి లేదు. ఉండాలని మేం అడగడం లేదు, దాన్ని ఏ పనికి వాడతారో మాకు తెలుసు. కానీ చూడండి, చదువు ఎవరికి ఎన్ని తరాలుగా దక్కింది, వృత్తి ఎవరికి ఎవరు నిర్ణయించారు, పక్కా ఇల్లు ఏ వీధిలో లేచింది, భూమి ఎవరి పేరు మీదుంది? కులం ఏమేం చేసిందో వాటినే వేరువేరుగా కొలిచి కూడితే వచ్చింది ఆ మెట్టు. చిట్టచివరి మెట్టు మీదివాళ్లు అక్కడెందుకున్నారన్న ప్రశ్న పట్టీ అడగదు. వీళ్లేం కొనగలరు అని మాత్రం అడుగుతుంది. మన పెరట్లో భూమిని ఫ్యాను పక్కన, టీవీ పక్కన పెట్టి లెక్కపెట్టిన పట్టీని ఒక విద్యార్థి పోస్టరులో పెట్టి, భూమి లేని ఇల్లు ఎన్ని ఫ్యాన్లు కొంటే ఒక మెట్టెక్కుతుందని అడిగితే ఎంత బావుండేది! ఎవరూ పెట్టలేదు. అన్నట్టు, బర్రె ఆ పదకొండులో లేదు.

అడుగు మెట్ల మీదివాళ్లను మార్కెట్టు ఎప్పుడూ వదిలెయ్యదు. 2001 ప్రాంతంలో హిందుస్థాన్ లీవర్ కంపెనీ ప్రాజెక్ట్ శక్తి అని మొదలుపెట్టింది మన నల్లగొండ జిల్లాలోనే. పొదుపు సంఘాల ఆడవాళ్లను ఊళ్లలో సబ్బులు, షాంపూలు అమ్మే ఏజెంట్లుగా చేసింది. దుకాణం లేని చిన్న పల్లెకు సరుకు చేర్చే దారి కంపెనీకి దొరికింది, ఆడవాళ్లకు కొంత ఆదాయం దొరికింది. 2004లో సి.కె. ప్రహ్లాద్ పిరమిడ్ అడుగున సంపద వుందని పుస్తకం రాశాక ప్రపంచమంతా మేనేజిమెంటు క్లాసుల్లో ఇలాంటి పథకాలు పాఠాలయ్యాయి. ఆ హాల్లోనూ రెండు పోస్టర్లు వీటి మీదే. సాధికారత అని పెద్దక్షరాల్లో రాశారు. వాటిని, స్విచ్‌బోర్డు పక్కనున్న కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీ సబ్బు కేంద్రంనుంచి వాడకు రావడానికి ఎన్ని దారులైనా పుడతాయి. వాడనుంచి పాలు ఊళ్లోకి పోవడానికి దారి లేదు. ఒకే జిల్లా, ఒకే రకం ఆడవాళ్లు. సబ్బు చేతిలో ఉన్నప్పుడు ఆమె పారిశ్రామికవేత్త, పాల క్యాను చేతిలో ఉన్నప్పుడు ఇబ్బంది. ఈ పోలిక చెయ్యడానికి ఆ మూడు పోస్టర్లనూ ఒక వరసలో వేలాడదీస్తే చాలు, వేరే సిద్ధాంతం అక్కర్లేదు.

ఇటీవలి ఉదాహరణలు కావాలన్న అధ్యాపకులకు జొమాటో దగ్గరే రెండున్నాయి. 2023 జూన్‌లో పర్యావరణ దినం పేరుతో ఆ కంపెనీ ఒక ప్రకటన తీసింది. 2001 నాటి లగాన్ సినిమాలో దళిత పాత్ర కచ్రాను, ఆ నటుణ్ణే తీసుకొచ్చి, పారేసిన చెత్తతో తయారైన దీపంగా, బల్లగా, కాగితంగా చూపించింది. నిరసనలొచ్చాక తీసేసింది, జాతీయ షెడ్యూల్డు కులాల కమిషను నోటీసిచ్చింది. 2024 మార్చిలో శుద్ధ శాకాహారులకు వేరే డెలివరీ దండు, ఆకుపచ్చ బట్టలు, ఆకుపచ్చ పెట్టె అని ప్రకటించింది. మర్నాటికల్లా ఆకుపచ్చ బట్టలు వెనక్కి తీసుకుంది. రెండోదే పాఠానికి ఎక్కువ పనికొస్తుంది. అది శుద్ధమైన సెగ్మెంటేషన్, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. ఒక గుంపు కోరిక గుర్తించారు, దానికి తగ్గ సేవ తయారుచేశారు. ఆ కోరికే మైల అనే ఊహ మీద నిలబడితే? ఎర్ర చొక్కా వేసుకున్నవాణ్ణి ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆపుతారో, ఏ లిఫ్టు ఎక్కనివ్వరో పుస్తకం చెప్పదు. పోస్టరు చెప్పొచ్చు.

మనవైపునుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఇదంతా ఎందుకు, మార్కెట్టు మనది కాదు, దాని విద్య మనకెందుకు అని. 1938లో మన్మాడ్ రైల్వే కార్మికుల సభలో అంబేద్కర్ బ్రాహ్మణవాదాన్నీ పెట్టుబడిదారీ విధానాన్నీ ఇద్దరు శత్రువులుగా చెప్పాడని గుర్తు చేస్తారు. నిజమే, చెప్పాడు. ఆయన జీవితంలోవే ఇంకో రెండు సంగతులు గుర్తు చేసుకుందాం. అమెరికానుంచి వచ్చాక బొంబాయిలో వాటాలు, పెట్టుబడుల మీద సలహాలిచ్చే సంస్థ పెట్టాడు. సలహా ఇచ్చేవాడు అంటరానివాడని తెలియగానే గిరాకీ ఆగిపోయి మూతపడింది. 1920 జనవరి 31న మూక్‌నాయక్ మొదలుపెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా తిలక్ పత్రిక కేసరి ఆ ప్రకటన వేసుకోలేదు. నాలుగు 'పీ'ల పుస్తకం రాకముందు నలభై ఏళ్లనాటి మాట. సలహా సరుకు మంచిదే, కొలంబియా చదువుది. పత్రిక ప్రకటనకు డబ్బు కట్టడానికి సిద్ధమే. సరుకూ ధరా ఉండి, చోటూ ప్రచారమూ మూసేస్తే ఏమవుతుందో అంబేద్కర్‌కు జరిగింది, నల్లగొండ పల్లెలో ఆ తల్లికీ జరిగింది. ఈ విద్యలో ఏ తలుపు ఎక్కడ మూస్తారో నేర్చుకుంటే మనకు నష్టమేమీ లేదు. దళిత పారిశ్రామికవేత్తలను తయారుచేస్తే కులం దానంతటదే పోతుందనే వాదం, 2005లో డిక్కీ ఏర్పడ్డాక బాగా వినిపిస్తున్నది, దాంతో మాకు పేచీ వుంది. ఆ పేచీ ఇంకో వ్యాసంలో.

పోస్టర్లు వెయ్యబోయే విద్యార్థులకు మాకు తోచింది చెప్తాం. శీర్షికలో కంపెనీ పేరు కాకుండా ఒక ప్రశ్న పెట్టండి, ఆ ప్రశ్నకు జవాబు తెలియాలంటే మిగతా కాగితం చదవక తప్పదు. రెండు మీటర్ల దూరంనుంచి శీర్షిక, మీటరు దూరంనుంచి లోపలి మాటలు చదవగలగాలి, గోడకు అతికించి వెనక్కి నడిచి చూసుకోండి. మాటలు మూడొందలు దాటితే పోస్టరు కాదు, గోడకెక్కిన వ్యాసం. అన్నిటికంటే పెద్ద బొమ్మ మీ వాదన మొయ్యాలి. ఆ అమ్మాయి పటం మోసినట్టు. లోగో ఏమీ మొయ్యదు. గీసిన ప్రతి బాణాన్నీ 'అందువల్ల' అని చదివి చూడండి, చదవడానికి రాకపోతే చెరిపెయ్యండి. తెలుగులో రాయడానికి జంకొద్దు. మీ ఇంటివాళ్ల సంగతి రాస్తే ముందు వాళ్లకు చెప్పండి. పేర్లు దాచాల్సి వస్తే, దాచామనీ ఎందుకు దాచామనీ ఒక వాక్యం రాయండి. అప్పుడు ఆధారాలు లేవనే వీలుండదు. పక్కన నిలబడి జవాబు చెప్పే ఆ పది నిమిషాల కోసం సగం సమయం ఉంచుకోండి. ఆ అమ్మాయి కాగితం కంటే ఆమె మాటలు బావున్నాయి, మార్కులేసినవాళ్లు అక్కడ ఆగినట్టు లేదు.

అధ్యాపక మిత్రులకు ఒక్క మనవి. మార్కుల కాగితంలో దృశ్య ఆకర్షణకు ఎంత, కారణం చూపినందుకు ఎంత వేస్తున్నారో ఒకసారి కూడి చూడండి. ఖాళీ వదిలిన గడి కనిపిస్తే సున్నా వేసేముందు ఎందుకు ఖాళీ అని అడగండి.

తర్వాత ఒకసారి ఆ అమ్మాయి కలిసింది. పోస్టరు చుట్టచుట్టి ఇంటికి తీసుకుపోయి వాళ్లమ్మ ముందు పరిచిందట. ఆమెకు చదువు రాదు. పటం చూసి ఇల్లు గుర్తుపట్టింది, కేంద్రం గుర్తుపట్టింది, ఎర్రగా కొట్టేసిన గీత మీద వేలుపెట్టి ఇదేందని అడిగింది. 340 అంగలని చెప్తే ఒప్పుకోలేదు. "నువ్వు ఉత్త చేతులతోని నడిచినవ్. క్యాను నెత్తిన పెట్టుకుని నడువు, నాలుగు వందలకు తక్కువ పడయ్" అందట. ఆ అమ్మాయి పెన్ను తీసి 340ని కొట్టేసి పక్కన 400 రాసింది.